మిద్దె గలదు

పోయిన వారం ఒకమ్మాయి పలకంత ఫోను చేత్తో పట్టుకొని మా గడప ముందు నిలబడింది. అనంతపురంలో మేముండేది అద్దె ఇల్లు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఎండలో మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది పాపం, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఇళ్ల సర్వే మేడమ్ అంది. ఆ రెండు మాటలు ఎవరి నోటి నుంచి వచ్చినా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి బతికేదాన్ని, జీతానికి తిరిగే పిల్ల మీద అరవకూడదని తెలుసు గనుక పళ్లు బిగబట్టి జవాబులు చెప్పాను. రేషన్ కార్డు నంబరు కొట్టగానే ఆమె ఫోనులో మా ఊరు, మా నాయనను కన్న అవ్వ పేరు వచ్చాయి. "మీ అవ్వగారి పేరు మీద ఊళ్లో ఇల్లుంది కదా మేడమ్, అది మీకు వచ్చినట్టు చూపిస్తోంది. ఏం ఇల్లది?" అని అడిగింది. "మిద్దె ఉండేది" అన్నాను. ఆమె తలెత్తి, "మిద్దె అంటే స్లాబేనా మేడమ్?" అంది.

ఏ ఊరమ్మా నీది అని అడిగాను. మావాళ్లది చిలమత్తూరు, నేను మాత్రం హిందూపురం టౌన్లోనే పెరిగాను అని చెప్పింది. మా ఉమ్మడి జిల్లాలో పుట్టిన పిల్లకే మిద్దె అంటే ఏమిటో తెలియదు. ఆమె తప్పు కాదు. ఆమెకు జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది, ఎందుకు పట్టిందో ఇక్కడ రాస్తున్నాను.

ఉరవకొండ నుంచి వచ్చే బస్సు దిగి కొంత దూరం నడిస్తే మా ఊరు. మా ఇంటిని మా అవ్వ మామగారు కట్టించాడు. రాళ్లూ బంకమన్నూ కలిపి పేర్చిన లావుపాటి గోడలు, వాటి మీద వేప దూలాలు, దూలాల మీద అడ్డంగా కట్టెలు, కట్టెల మీద కానుగ రొట్ట, రొట్ట మీద మట్టి. అన్నిటికంటే పైన చవుడు. వంక అవతల నేల మీద తెల్లగా పేరుకునే ఉప్పటి మన్ను అది. నీళ్లు పడితే జిగటగా బిగుసుకొని కింది మట్టిని కాపాడుతుంది. ఇంతే మా మిద్దె. ఏ ఇంటి కప్పు ఇట్లా ఉంటే దానిని మిద్దె అంటారు మా వైపు. ఉన్నవాడిదీ మిద్దే, లేనివాడిదీ మిద్దే. లేనివాడి మిద్దె మీద చవుడు పల్చగా ఉంటుంది, అంతే తేడా.

చవుడు ఎత్తడం మా అవ్వ పని. ముంగారు వానల మబ్బులు కనిపించక ముందే గంప నెత్తిన పెట్టుకొని వంక దాటేది. ఒక చోట వంగి చిటికెడు మన్ను నాలుక మీద వేసుకునేది. నచ్చకపోతే ఉమ్మేసి ఇంకో చోటికి పోయేది. "ఇది సచ్చిన మన్ను. ఇది నీళ్లను నిలబెట్టదు" అనేది. నచ్చితే మాత్రం మాట్లాడకుండా పారతో గీరి గంప నింపేది. నిచ్చెన మీద నిలబడి నేను అందిస్తే పైన పోసి, చీర కుచ్చెళ్లు ఎగదోపి, మూల నుంచి మూలకు కాళ్లతో తొక్కేది. నోట్లో ఆకూవక్కా, ఆ తొక్కుడుకు తోడుగా గొణుగుడు. గోడలకు కిటికీల్లేవు. వెలుగంతా కప్పులో ఉన్న గవాచి నుంచే. గవాచి అంటే కప్పుకు పెట్టిన చదరపు కన్నం, వాన వస్తే పైకెక్కి బండ మూసేవాళ్లం. మధ్యాహ్నం ఆ కన్నంలోంచి పడే ఎండలో శెనక్కాయ దుమ్ము లేస్తూ ఉండేది. ఎండాకాలంలో బయట నేల కాలుతుంటే లోపల మట్టినేల మీద పడుకుంటే వీపు చల్లగా ఉండేది. ఇప్పుడీ మూడో అంతస్తులో ఫ్యాను వేడిగాలిని కిందికి తోస్తుంటే నాకు ఆ చల్లదనమే గుర్తొస్తుంది, దానితో పాటే కోపమూ వస్తుంది.

అట్లాగని మిద్దెను నెత్తిన పెట్టుకొని పొగిడే రకం కాదు నేను. సిటీలో కూర్చుని మట్టిళ్ల గొప్పతనం రాసే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క వాన చవి చూపించాలి వాళ్లకు. మా ఊళ్లో ఏడాదంతా వాన కోసం మొక్కుతారు, తీరా వస్తే చేనికి సంతోషం, ఇంటికి గండం. మిద్దె కురిసేది. సట్టి, గిన్నె, చెంబు, పశువుల బాన, ఉన్నవన్నీ తెచ్చి కారే చోట్ల పెట్టేవాళ్లం. అవ్వ తన నులకమంచాన్ని ఈ గోడకూ ఆ గోడకూ లాగుతూనే ఉండేది. అప్పుడు మాత్రం ఆమెకు గొణుగుడు కూడా వచ్చేది కాదు. ఒకసారి ఆ మంచం పట్టీ మీద కూర్చుని, నడుం పట్టుకొని, "నాకేం వద్దు పాపా. ఒక్క వానకన్నా మంచం కదపకుండా పండుకోవాల. అంతే నా కోరిక" అంది. అవ్వ ఏదన్నా కావాలని అడగడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ కోరిక తీర్చే భారం మా చిన్నాయన ఎత్తుకున్నాడు. నాయనకు తమ్ముడు. సేద్యం చేయడు, రాజకీయం చేస్తాడు. నా చిన్నప్పుడు ఆయన పోరాటాల మనిషి. అరుగు మీద కూర్చుని, "ఇల్లనేది ఎవుడో దానమిచ్చేది కాదప్పా, అది మన హక్కు. గుంజుకోవాల" అనేవాడు. నేను నోరు తెరుచుకొని వినేదాన్ని. నేను ఇంటర్‌లో చేరే నాటికి ఆయన కండువా మారింది, దానితో పాటు సిద్ధాంతమూ మారింది. "ఊరికే ఇస్తే జనం సోమరులైపోతారు. మన వాటా మనం ఎయ్యాల, మన చెమట మనం కార్చాల, అప్పుడే ఇంటికి మర్యాద" అనడం మొదలుపెట్టాడు. ఇంకొన్నేళ్లకు ఇంకో కండువా. అప్పుడు "ఎవురూ మిగలకూడదు, అందరికీ ఇల్లు" అన్నాడు. మూడూ ఒకే అరుగు మీద, ఒకే గొంతుతో అన్నాడు. నేనిప్పుడు క్లాసులో గృహనిర్మాణ విధానాల చరిత్ర చెప్పేటప్పుడు, ఇల్లు హక్కు అన్న దశ, ఇల్లు లబ్ధిదారుడి భాగస్వామ్యం అన్న దశ, ఇల్లు అందరికీ అన్న దశ అని బోర్డు మీద రాస్తాను. పిల్లలు బుద్ధిగా ఎక్కించుకుంటారు. నాకు మాత్రం బోర్డు మీద మా చిన్నాయన మూడు కండువాలు కనిపిస్తాయి.

అన్ని సిద్ధాంతాలూ ఒక్క చోట మాత్రం ఎన్నడూ కొట్లాడుకోలేదు. కచ్చా, పక్కా. సిమెంటు ఉంటే పక్కా, మట్టి అయితే కచ్చా. ఎడమవాడూ కుడివాడూ దీని మీద ఒక్క మాట వేరుగా అన్నట్టు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. సర్కారు ఇంటి నమూనా అని ఎవరో ఎక్కడో ఒక గది, ఒక వరండా గీశారు, మేకల్ని కట్టేదెక్కడ, శెనక్కాయ మూటలు పెట్టేదెక్కడ అని అడక్కుండా. సరే, అదన్నా దక్కితే చాలనుకున్నాం. అదీ ఒక్క మాట దగ్గర పోయింది.

ఇళ్లకు పేర్లు రాసుకోవడానికి ఆఫీసరు వచ్చిన రోజు నేను ఇంటర్ సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మర్యాదగానే మాట్లాడేవాడు, అందరినీ అండీ అనేవాడు. బడి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇళ్లు చూద్దురు రండి సార్ అని నాయన పిలిస్తే, "ఎండగా ఉంది కదండీ, మీరు చెప్పండి, నేను రాసుకుంటాను" అన్నాడు. మా వంతు వచ్చింది. ఇల్లు ఆడవాళ్ల పేరు మీదే ఇస్తారు కనుక అవ్వ ముందుకు పోయింది, చదువుకున్నదాన్నని నన్ను తోడు తీసుకుపోయింది.

"మీదేం ఇల్లమ్మా?"

"మిద్దె సామీ."

"మిద్దేనా?"

"ఊ, మిద్దే. మా మామ కట్టిచ్చినాడు. పాతకాలం మిద్దె."

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "మిద్దె ఉన్నవాళ్లా! బాగుందమ్మా" అన్నాడు. కాగితం మీద రాసి, "నువ్వు చదువుకుంటున్నావుగా, ఒకసారి చూసి చెప్పు" అని నా చేతికిచ్చాడు. సొంత మిద్దె గలదు అని ఉంది. చూసి, "సరిగ్గానే ఉంది సార్" అన్నాను.

ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఆ ఆఫీసరుకు తెలియని సంగతి నాకు తెలుసు. ఉరవకొండ కాలేజీలో మా ఇంగ్లీషు మేడం కోస్తా మనిషే. ఒకరోజు మాటల్లో మాది మిద్దె అంటే, "అబ్బో, డాబా ఉందా మీకు? అయితే మీరు కలిగినవాళ్లే" అంది. వాళ్ల దేశంలో మిద్దె అంటే గచ్చు చేసిన డాబా అనీ, కలిగినవాళ్లకే ఉంటుందనీ నాకు అప్పుడే తెలిసింది. నేను సరిదిద్దలేదు. క్లాసులో పిల్లలందరూ నా వైపు తిరిగి చూశారు, అది నాకు బాగుంది. ఊళ్లో ఆఫీసరు కూడా అట్లాగే నవ్వి బాగుందమ్మా అన్నప్పుడు, కాదు సార్, మాది మట్టి మిద్దె, వానకు కురుస్తుంది అని చెప్పడానికి నా నోరు లేవలేదు. చుట్టూ ఊరంతా ఉంది. కురిసే కొంప అని నలుగురిలో అనాలంటే సిగ్గేసింది. పదిహేడేళ్ల పొగరు. ఆ కాగితం నా చేతిలో ఉన్నది అర నిమిషం.

జాబితా వచ్చింది. మా వీధిలో సగం మంది పేర్లున్నాయి, మా పేరు లేదు. గుడిసె అని చెప్పినవాళ్లకు వచ్చింది, మట్టిల్లు అని చెప్పినవాళ్లకు వచ్చింది, మిద్దె అన్నవాళ్లకు రాలేదు. నాయన ఆఫీసుకు పోయాడు, నన్నూ తీసుకుపోయాడు. అదే ఆఫీసరు. "మిద్దె ఉన్నవాళ్లకి మళ్లీ ఇల్లెందుకండీ, లేనివాళ్లకి ఇవ్వనివ్వండి" అన్నాడు. నాయన నెమ్మదిగానే, "సార్, మా పక్క మిద్దె అంటే మన్ను. పైన మన్నే ఉండాది, కింద మన్నే ఉండాది. ఒకసారి వచ్చి చూస్తే తెలుస్తాది" అన్నాడు. ఆయన చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు. తప్పు తెలిసిందని ముఖం చూస్తేనే అర్థమైంది. తర్వాత, "జాబితా జిల్లాకి వెళ్లిపోయిందండీ. ఇప్పుడు మారిస్తే నేను మొదట తప్పు రాసినట్టవుతుంది. వచ్చే విడతలో చూద్దాం" అన్నాడు. నాయన నా వైపు చూడలేదు. నేను చదివి సరే అన్నానని ఆయనకు తెలుసు.

వచ్చే విడత అంటే వచ్చే ప్రభుత్వం. ఆఫీసర్లు మారారు, సిద్ధాంతం మారింది, చిన్నాయన కండువా మారింది. కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి, మా పేరు పక్కన మిద్దె గలదు అన్నదీ వాటితో పాటు ఎక్కింది. అందరికీ ఇల్లు అన్నారు గానీ ఆ అందరిలో మేము లేము. ఇల్లున్నవాళ్లం కదా. చిన్నాయన ఊరికే ఉండలేదు, అది ఒప్పుకోవాలి. ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, ఇంజనీరుతో మాట్లాడినా. ఫోటో తీయడానికి ఈ నెల్లోనే వస్తాడంట. ఫోటోలో మిద్దె కనపడకూడదు. గుడిసె కనపడితే గుడిసె అని రాసుకుంటాడు, పాత మాట కొట్టేస్తాడు."

"మిద్దె కనపడకుండా ఎట్లుంటాదిరా? దుప్పటి కప్పాల్నా?"

"తీసెయ్యాల."

"ఏం తీసెయ్యాల?"

"ఆ మాట చెరపాలంటే మిద్దె చెరపాల అన్నా. ఇంకో దోవ లేదు."

నాయన లేచి నిలబడ్డాడు. "ఏమిరా, నీకు బుద్ధి ఉండాదా? ఇల్లు ఇయ్యమని అడిగితే ఇల్లు పడగొట్టమంటాండావు. ఇదేం సర్కారురా, ఇదేం పార్టీరా మీది?" అన్నాడు. చిన్నాయన తల వంచుకొని, "సర్కారు మంచిదే అన్నా, రాసినోడు తప్పు రాసినాడు" అన్నాడు. నేను డిగ్రీ చదువుతున్నాను అప్పటికి. గడపలో నిలబడి వింటున్నాను. రాసినోడు అన్న మాట నా గుండెలో గుచ్చుకుంది.

తీసేయమంది అవ్వే. లోపలి నుంచి వచ్చి, "నా నోటితో నేనే మిద్దె అంటిని. గొప్పకు పోయి అంటిని. గుడిసె అని ఉంటే ఈ పాటికి ఇల్లొచ్చుండు. తీసెయ్యండి" అంది. గొప్పకు పోయింది ఆమె కాదు, నేను. అవ్వకు మిద్దె అంటే మిద్దే, ఆమె ఉన్న మాట చెప్పింది. ఆ మాట అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అవ్వ తనదే తప్పని నమ్మింది, ఆ నమ్మకంతోనే పోయింది.

కూలీలను పెట్టలేదు. నాయన, చిన్నాయన, అమ్మ, నేను. చవుడు పారతో గీరి కిందికి తోశాం. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి తొక్కిన పొరలు, ఒక పట్టాన లేచేవి కావు. ఒక్కో పొరా ఒక్కో ఏడాది అవ్వ నెత్తిన మోసుకొచ్చింది. కానుగ రొట్ట పొడిపొడిగా రాలింది, దాని వాసన నా బట్టల్లోంచి చాలా రోజులు పోలేదు. అవ్వ వీధిలో, తన నులకమంచం మీద కూర్చుని చూసింది. ఇంజనీరు వచ్చాడు. గోడలకు ఆనించి కంది కట్టెతో వేసిన పందిరిని ఫోటో తీశాడు. అవ్వ లేచి ఆయన దగ్గరకు పోయి, "ఇప్పుడు రాసుకో సామీ. మిద్దె లేదు" అంది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు, తల ఊపి వెళ్లిపోయాడు.

ఇల్లు మంజూరైంది. పాత గోడలు తీసేసి, పునాది వేసి, సిమెంటు ఇటికలతో గోడలు లేపారు. దూలాలు స్లాబు కింద ఆనించడానికి పనికొస్తాయని దాచిపెట్టాం. గోడలు తలుపు ఎత్తు దాటగానే సిమెంటు బస్తాలు రావడం ఆగిపోయింది. మండలంలో ఎవరో బస్తాలు అమ్ముకున్నారని విచారణ వేశారు, విచారణ తేలే దాకా అందరి ఇళ్లూ ఎక్కడివక్కడ ఆగాయి. ఆ నాలుగు గోడల మధ్య ప్లాస్టిక్ పట్ట కట్టుకొని రెండేళ్లున్నాం. దూలాలు ఒక్కొక్కటే పొయ్యిలోకి పోయాయి. పట్ట కింద పగలంతా ఉడికిపోయేవాళ్లం. అవ్వ తడిగుడ్డ నెత్తిన వేసుకొని గోడ నీడ ఎటు జరిగితే అటు మంచం లాక్కునేది.

ఆ రెండేళ్లూ మా ఊళ్లో వాన పడలేదు. దుక్కి తడిసేంత కూడా పడలేదు. పడగొట్టకుండా ఉంటే ఆ మిద్దె, ఆ రెండేళ్లూ చుక్క కారకుండా చల్లగా నిలబడేది. అవ్వ తన మంచం మీద కదలకుండా పడుకునేది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఎవరినన్నా పట్టుకొని కొట్టాలనిపిస్తుంది, ఎవరిని కొట్టాలో తెలియదు. రెండో ఎండాకాలంలో, వడగాలికి, ఆ పట్ట కిందే అవ్వ పోయింది. చిన్నాయన దినాలకు వచ్చాడు. ఒక్కసారికి కండువా లేకుండా వచ్చాడు. నాయన ఆయనతో మాట్లాడలేదు. నేను మాట్లాడాను, నాకు ఆ హక్కు లేకపోయినా అనరాని మాటలన్నాను. ఆ తర్వాత బస్తాలు మళ్లీ రాలేదు, ఆ గోడలను అట్లాగే వదిలేశాం.

సర్వే పిల్లకు ఇదంతా చెప్పలేదు. ఫోను చూపించమన్నాను. అవ్వ పేరు, దాని పక్కన ఇల్లు పూర్తయింది అని ఉంది. లెక్క మూసేయడానికి ఎవరో ఎప్పుడో అట్లా నొక్కేసినట్టున్నారు. "అది పూర్తి కాలేదమ్మా. నాలుగు గోడలు, పైన ఏమీ లేదు" అన్నాను. ఆమె ఫోను నా వైపు తిప్పింది. కాంక్రీటు, రేకులు, పెంకులు, గడ్డి, ఇతరములు.

"కప్పు లేదు అనేది ఇందులో లేదు మేడమ్. ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు పోదు."

"పోకపోతే పోనీ."

ఆమె నొచ్చుకుంది. మంచి పిల్ల, నన్ను ఊరుకోబెట్టాలని చూసింది. "పోనీ ఇతరములు నొక్కి, మీరు చెప్పినట్టే టైప్ చేస్తాను మేడమ్. మిద్దె అనే కదా అన్నారు" అని, వేలితో మి అక్షరం వెతుక్కుంటోంది. నేను లేచి వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్ల కాలేజీ తెలుగు ఎటు పోయిందో, మా ఊరి మాటే వచ్చింది నోటికి.

"ఆ మాట రాయొద్దు తల్లీ. ఇంగేమన్నా రాసుకో, ఆ మాట మాత్రం రాయొద్దు."